ఎనిమిది మందిలో ఎనిమిదోవాడు

ఆట ముగించుకుని పిల్లాడు బండి వెనక ఎక్కగానే మన నోట వచ్చే మొదటి మాట, “ఎన్ని గోల్స్ కొట్టావు?” పరీక్ష రాసి వచ్చినప్పుడు “ఎన్నొస్తాయి?” అని అడిగినంత అలవాటుగా అడిగేస్తాం. అందులో చెడు ఉద్దేశం ఏమీ ఉండదు. కానీ వారం వారం అదే ప్రశ్న వింటూంటే పిల్లాడికి ఒక లెక్క వంటబడుతుంది. గోల్ పడిన ఆదివారం ఇంట్లో తనను చూసే చూపు ఒకటి, పడని ఆదివారం చూసే చూపు ఇంకొకటి అని వాడు తెలుసుకుంటాడు. అమ్మాయిలైతే ఇంకా తొందరగా తెలుసుకుంటారు.

ఆ లెక్క మన ఇళ్లలో పాతుకుపోకముందే షింజీ ఒకజాకి గురించి నాలుగు మాటలు చెప్పాలని ఉంది. అతను జపాన్ ఫుట్‌బాల్ స్ట్రైకర్. గోల్స్ కొట్టడమే ఉద్యోగం. జపాన్ జాతీయ జట్టు తరఫున 119 మ్యాచ్‌లు ఆడి 50 గోల్స్ కొట్టాడు. ఆ దేశం తరఫున అతనికన్నా ఎక్కువ గోల్స్ ఉన్నవాళ్లు ఇద్దరే, కునిషిగె కమమోతో, కజుయోషి మియురా. ఈ అంకెలు చూసి పుట్టుకతోనే మెరిసిన పిల్లాడనుకుంటారు. అతని కథలో నాకు నచ్చింది మాత్రం అతను మెరవని రోజులే.

ఒకజాకి 1986 ఏప్రిల్ 16న జపాన్ పశ్చిమాన హ్యోగో ప్రాంతంలోని తకరాజుకాలో పుట్టాడు. పాత్రలన్నీ ఆడవాళ్లే వేసే సంగీత నాటక మండలికి పేరున్న ఊరు అది. జపాన్‌లో ఫుట్‌బాల్ పిల్లలకు పైకి వెళ్లే దారులు రెండు. ప్రొఫెషనల్ క్లబ్బులు నడిపే అకాడమీలు ఒకటి, హైస్కూల్ జట్లు రెండోది. ఏటా కొత్త సంవత్సరం రోజుల్లో జరిగే జాతీయ హైస్కూల్ టోర్నమెంటును అక్కడ దేశమంతా టీవీలో చూస్తుంది. క్లబ్బు అకాడమీ వద్దన్న పిల్లలకు ఆ రెండో దారి తెరిచే ఉంటుంది. ఒకజాకి కోబేలోని తకిగావా దైని హైస్కూల్ జట్టులో ఆడి, అక్కడి నుంచి 2005లో షిమిజు ఎస్-పల్స్ అనే క్లబ్బులో చేరాడు.

చేరిన రోజుల్లో కోచ్ కెంతా హసెగావా అతనికి దాపరికం లేకుండా చెప్పాడు. జట్టులో ఎనిమిది మంది ఫార్వర్డులున్నారు, నువ్వు ఎనిమిదోవాడివి.

ఇక్కడ కాసేపు ఆగుదాం. పంతొమ్మిదేళ్ల కొడుకు ఇంటికి ఫోన్ చేసి “నాన్నా, ఎనిమిది మందిలో ఎనిమిదోవాణ్ణంట” అంటే మనం ఏమంటాం? ఒకరు కోచ్ మీద విరుచుకుపడతారు. ఒకరు వేరే క్లబ్బు చూద్దాం అంటారు. ఇంకొకరు “ఆ ఏడుగురిలో ఏముంది, నీలో లేనిదేముంది?” అని ఒక్కొక్కరి పేరూ అడిగి కొడుకు పక్కన నిలబెట్టి కొలుస్తారు. “నేను ముందే చెప్పానా, డిగ్రీ పూర్తి చెయ్యమని” అనేవాళ్లూ ఉంటారు. ఇవన్నీ ప్రేమతో అనేవే. అయినా వీటిలో ఏదీ ఆ కుర్రాడికి మర్నాడు పొద్దున మైదానంలో పనికిరాదు. అతనికి పనికొచ్చేది ఒక్కటే: ఎనిమిదోవాడు ఏడోవాడు కావాలంటే ఈ వారం ఏం నేర్చుకోవాలి?

ఒకజాకికి కావలసింది పరుగు. అతను వేగంగా పరుగెత్తలేడు. స్ట్రైకర్‌కు అదెంత పెద్ద లోపమో ఆట తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. షిమిజులో అతనికి తత్సువో సుగిమోతో అనే శిక్షకుడు దొరికాడు. సుగిమోతో 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో 4×100 మీటర్ల రిలే ఫైనల్లో జపాన్ తరఫున పరుగెత్తిన మనిషి. ఫుట్‌బాల్ ఆటగాడికి పరుగును అ ఆల దగ్గర నుంచి నేర్పించాడు.

పరుగు నేర్పేదేముంది, అది ఒంట్లో ఉండాలి గానీ, అని మనకో గట్టి నమ్మకం. లెక్కలకూ, గొంతుకూ, ఇంగ్లీషుకూ అదే మాట అంటాం. కానీ పరుగు నేర్పేవాళ్లను ఎప్పుడైనా దగ్గరగా చూడండి. పిల్లాడు అడుగు ఎక్కడ వేస్తున్నాడో చూస్తారు. పాదం ఒంటికన్నా బాగా ముందుపడితే ప్రతి అడుగూ బ్రేకు వేసినట్టే అవుతుంది. నడుము కిందికి దగ్గరగా పడితే అదే అడుగు ముందుకు నెడుతుంది. చేతులు అడ్డంగా ఊగుతున్నాయా, ముందుకూ వెనక్కూ ఆడుతున్నాయా అని చూస్తారు. మొదటి మూడు అడుగుల్లో ఒళ్లు ముందుకు వాలిందా, లేక బొమ్మలా నిటారుగా లేచిందా అని చూస్తారు. స్ట్రైకర్‌కు వంద మీటర్ల వేగంతో పని తక్కువ. డిఫెండర్‌ కన్నా ముందు పడే ఆ మొదటి మూడు అడుగులే అతనికి జీతం తెచ్చిపెడతాయి. వాటిని బాగు చేయవచ్చు, రోజూ కాస్త కాస్త చొప్పున, ఏళ్ల తరబడి. ఒకజాకి అదే చేశాడు. జాతీయ జట్టుకు పేరున్న ఆటగాడయ్యాక తన నెమ్మది కాళ్ల గురించి ఒక పుస్తకమే రాసుకున్నాడు.

తన లోపాన్ని తానే పుస్తకంగా రాసుకోగలిగిన మనిషి ఆ లోపానికి భయపడడు. అదే లోపాన్ని చుట్టాల ముందు మనం అంటే ఏమవుతుందో కూడా ఆలోచించండి. “మావాడికి లెక్కలు రావండీ”, “దీనికి బొత్తిగా చురుకు లేదు” అని పెళ్లిలోనో, పుట్టినరోజు భోజనాల దగ్గరో నవ్వుతూనే అనేస్తాం. పక్కన నిలబడ్డ పిల్లకు అది తన పేరులా వినిపిస్తుంది. లోపం చెప్పవద్దని నేను అనడం లేదు. హసెగావా కూడా దాచలేదు కదా. కానీ చెప్పేది నాలుగు గోడల మధ్య చెప్పాలి, దాన్ని బాగుచేసే మనిషినో, దారినో వెంట పెట్టుకుని చెప్పాలి. “నీ పరుగు నెమ్మది. పరుగు నేర్పే మాస్టారు ఉన్నారట, కలుద్దామా?” అన్న మాటకూ, “నువ్వు నెమ్మది” అన్న మాటకూ చాలా దూరం ఉంది.

2009 జూన్ 6న తాష్కెంట్‌లో ఉజ్బెకిస్తాన్ మీద ఒకజాకి కొట్టిన గోల్ వీలైతే పిల్లలకు చూపించండి. మ్యాచ్ మొదలై పది నిమిషాలైనా కాలేదు. కెంగో నకమురా డిఫెండర్ల వెనక్కి బంతి వేశాడు. ఒకజాకి పరుగెత్తి అందుకుని ఎడమ కాలితో కొట్టాడు. గోల్‌కీపర్ ఆపేశాడు, బంతి ఎగిరింది. ఇంత దగ్గరి అవకాశం పోతే తల పట్టుకుని కూలబడే ఆటగాళ్లు ఎందరో. ఇతను ఆగలేదు. ఎగిరిన బంతి మీదికి తల విసిరి లోపలికి నెట్టాడు. జపాన్ 1-0తో గెలిచింది, 2010 ప్రపంచ కప్‌కు ఆ రాత్రే టికెట్టు ఖాయమైంది. ఆ గోల్‌లో అందంగా కొట్టిన దెబ్బ అంటూ ఏదీ లేదు. మొదటి దెబ్బ వృథా అయినా దాని గురించి బాధపడటానికి అర సెకను కూడా తీసుకోకపోవడమే అందులోని విద్య అంతా. మార్కుల కాగితం చేతిలో పెట్టుకుని గంటసేపు పిల్లాణ్ణి నిలబెట్టి మాట్లాడే ఇంట్లో ఆ విద్య రాదు.

ఆ ఏడాది అతను జాతీయ జట్టుకు 15 గోల్స్ కొట్టాడు. హాంకాంగ్ మీదా, టోగో మీదా మూడేసి గోల్స్. ఇక ప్రపంచ కప్‌లో ముందు వరసలో అతనే అని అందరూ అనుకున్నారు. తీరా దక్షిణాఫ్రికాలో మొదటి మ్యాచ్ నాటికి కోచ్ తకేషి ఒకాదా మనసు మార్చుకున్నాడు. స్ట్రైకర్‌గా కెయిసుకె హోండాను దింపాడు, ఒకజాకి బెంచీ మీద కూర్చున్నాడు. ఏడాదంతా గోల్స్ కొట్టినవాడికి అంతకన్నా కష్టం ఏముంటుంది?

జూన్ 24న రస్టెన్‌బర్గ్‌లో డెన్మార్క్‌తో మ్యాచ్. ఒకజాకి ఆఖర్లో దిగాడు. 87వ నిమిషంలో హోండా ఒక డిఫెండర్‌ను తప్పించుకుని, గోల్‌కీపర్‌ను తన మీదికి రప్పించుకుని, తాను కొట్టగలిగి ఉండీ బంతిని పక్కకు నెట్టాడు. పక్కనే పరుగెత్తుకొస్తున్న ఒకజాకి ఖాళీ గోల్‌లోకి కొట్టాడు. తన చోటు తీసుకున్నవాడి కాలి నుంచే ప్రపంచ కప్‌లో తన మొదటి గోల్ వచ్చింది. ఆ హోండాను కూడా చిన్నప్పుడు గాంబా ఒసాకా అకాడమీ పై జట్టుకు తీసుకోలేదు. అతనూ హైస్కూల్ దారినే పైకి వచ్చాడు.

ఈ దృశ్యం తల్లిదండ్రులు ముఖ్యంగా చూడాలని నా కోరిక. పిల్లాడు జట్టులో చోటు పోగొట్టుకున్నప్పుడు మనం మాట జారడం ఎక్కువ. “వాడి నాన్న కోచ్‌కు తెలుసట”, “ఆ పిల్ల ఏం ఆడుతుందని తీసుకున్నారో” అంటాం. మన పిల్లను ఓదారుస్తున్నామనుకుంటాం గానీ, మర్నాడు ఆ రెండో పిల్లతో కలిసి ఆడాల్సింది మన పిల్లే. మనం నాటిన ఆ మాటతో ఆమె బంతి ఇవ్వాల్సిన చోట ఇవ్వదు, తనకు బంతి వచ్చినా నమ్మదు. చోటు తీసుకున్న పిల్లను మన ఇంట్లో పేరు పెట్టి, మర్యాదగా పిలవండి. ఒక్కోసారి భోజనానికి పిలిస్తే ఇంకా మంచిది.

ఆ తర్వాత జర్మనీ. స్టుట్‌గార్ట్‌లో రెండున్నరేళ్లు ఎక్కువగా పక్క వైపు ఆడించారు, గోల్స్ పెద్దగా రాలేదు. 2013లో మైన్జ్‌కు మారాక కోచ్ థామస్ టుకెల్ మధ్యలో ఆడించాడు, ఒక్క సీజన్‌లో 15 గోల్స్ వచ్చాయి. అదే మనిషి, అవే కాళ్లు, నిలబెట్టిన చోటు మారింది, అంతే. పిల్లల విషయంలో బద్ధకం అని మనం పేరు పెట్టేవాటిలో కొన్ని నిజానికి చోటు కుదరకపోవడమేనేమో అని నాకు అనుమానం.

2015లో అతను ఇంగ్లండ్‌లోని లెస్టర్ సిటీలో చేరాడు. అంతకు ముందు ఏడాది ఆ జట్టు కింది డివిజన్‌కు జారిపోకుండా చివరి వారాల్లో తప్పించుకుంది. సీజన్ మొదట్లో లెస్టర్ లీగ్ విజేత అవుతుందని రూపాయి పెడితే అయిదు వేలు ఇస్తామన్నారు పందెంవాళ్లు. 2016 మే నెలలో లెస్టర్ విజేత అయింది. ఆ ఏడు లీగ్‌లో జేమీ వార్డీ 24 గోల్స్ కొట్టాడు, రియాద్ మహ్రెజ్ 17. ఒకజాకి 36 మ్యాచ్‌లు ఆడి కొట్టినవి అయిదు.

“ఎన్ని కొట్టావు?” అనే ఇంట్లో అయిదు అంటే ముఖాలు వాడిపోతాయి. మరి ఆ జట్టు అతన్ని 36 మ్యాచ్‌ల్లో ఎందుకు ఆడించింది?

ప్రత్యర్థి డిఫెండర్ దగ్గర బంతి ఉంటుంది. తీరిగ్గా తలెత్తి, ఎవరికి ఇద్దామా అని చూస్తుంటాడు. ఒకజాకి అతని మీదికి దూసుకొస్తాడు, అదీ ఊరికే కాదు, కొంచెం వంపు తిరిగి, అటు వైపు పాస్‌కు దారి మూసుకుంటూ వస్తాడు. డిఫెండర్ తొందరపడి ఇటు వైపు ఇస్తాడు. అక్కడ అంతకు ముందే సహచరుడు ఎన్‌గోలో కాంటే కాచుకుని ఉంటాడు. బంతి లెస్టర్‌ది అవుతుంది, మహ్రెజ్ కాలికి చేరుతుంది, వార్డీ పరుగు అందుకుంటాడు. గోల్ పడితే పత్రికలో వార్డీ పేరు, పాస్ ఇచ్చినవాడి పేరు వస్తాయి. డిఫెండర్‌ను తొందరపెట్టినవాడి పేరు ఎక్కడా రాదు. పది సార్లు దూసుకొస్తే తొమ్మిది సార్లు ఏమీ జరగదు. అయినా పదోసారి అంతే జోరుగా రావాలి. ఇలా గంటకు పైగా పరుగెత్తి ఒళ్లు హూనమయ్యాక కోచ్ క్లాడియో రనియెరి అతన్ని తరచుగా బయటికి పిలిచేవాడు. పెళ్లి ఆల్బంలో ఎక్కడా కనిపించకపోయినా, అతను లేకపోతే ఒక్క పంక్తి కూడా లేవని బాబాయి లాంటి ఆట అది.

ఆ అయిదింటిలో ఒకటి మాత్రం ఎవరూ మరచిపోరు. 2016 మార్చి 14, న్యూకాసిల్‌తో మ్యాచ్. వార్డీ తలతో నెట్టిన బంతి గాలిలో వస్తుంటే ఒకజాకి గోల్‌కు వీపు పెట్టి, గాలిలోకి లేచి, కాలు తలకు పైగా తిప్పి కొట్టాడు. ఆ మ్యాచ్‌లో పడిన గోల్ అదొక్కటే. నెమ్మది కాళ్లవాడు అని తన గురించి తానే రాసుకున్న మనిషి కొట్టాడు దాన్ని.

కనపడని కష్టాన్ని మెచ్చుకోండి అని చెప్పడానికే ఈ లెస్టర్ సంగతి చెప్పాననుకుంటారేమో. అక్కడితో ఆపితే సగమే చెప్పినట్టు. ఒకజాకికి ఆ మెప్పు చాలలేదు. “ఎంత కష్టపడతాడో” అని అందరూ అనేవారు, కానీ తాను స్ట్రైకర్, గోల్స్ కొట్టాలన్నది అతని కోరిక. ఆఖరి సీజన్ 2018-19లో లీగ్‌లో ఒక్క గోల్ కూడా రాలేదు. 33 ఏళ్ల వయసులో, విజేత జట్టు పతకం మెడలో ఉన్నవాడు, స్పెయిన్ రెండో డివిజన్‌కు వెళ్లాడు. మలగ క్లబ్బుతో సంతకం చేస్తే, జీతాల పరిమితి వల్ల ఆ క్లబ్బు అతని పేరు నమోదు చేయలేకపోయింది. ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడకుండానే ఒప్పందం రద్దయింది. అక్కడి నుంచి వెస్కా అనే చిన్న ఊరి జట్టుకు వెళ్లి, ఆ సీజన్‌లో 12 గోల్స్ కొట్టాడు. వెస్కా రెండో డివిజన్ విజేతగా పైకి వచ్చింది.

మెప్పు కూడా పిల్లల్ని ఒక మూల కూర్చోబెట్టగలదు. “మా పెద్దమ్మాయి కష్టజీవి, చిన్నది తెలివైనది” అని ఎన్ని ఇళ్లలో వినలేదు! పెద్దమ్మాయి ఆ మాటలో వినేది తనకు తెలివి లేదని. చిన్నది వినేది తాను కష్టపడక్కర్లేదని. రెండూ మెప్పులే, ఇద్దరికీ నష్టమే. కష్టపడే పిల్లకు కూడా తనకంటూ ఒక గోల్ కొట్టాలని ఉంటుంది. సైన్సు బాగా చదివే పిల్లాడికి తబలా అంటే ప్రాణం కావచ్చు. “నువ్వు ఇలాంటిదానివి” అని తేల్చేసే బదులు “నీకేం కావాలనుంది?” అని అడుగుతూ ఉండండి. పోయిన ఏడాది చెప్పిన జవాబే ఈ ఏడాదీ చెప్పాలని లేదు.

మియురా సంగతి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే జపాన్ స్ట్రైకర్ అనగానే చాలామంది అతని కథే చెబుతారు. 1982లో, పదిహేనేళ్లకే హైస్కూల్ మానేసి ఒంటరిగా బ్రెజిల్ వెళ్లిన కుర్రాడు, శాంటోస్ లాంటి క్లబ్బుకు ఆడి, 1990లో జపాన్‌కు తిరిగొచ్చి, 1993లో జె లీగ్ మొదటి సీజన్లోనే ఉత్తమ ఆటగాడయ్యాడు. యాభై ఏళ్లు దాటాక కూడా లీగ్‌లో గోల్ కొట్టాడు. గొప్ప జీవితం, నాకు ఎంతో గౌరవం. కానీ దయచేసి ఆ కథ చూసి పిల్లల్ని చిన్న వయసులో దూరం పంపే నిర్ణయాలు చేయకండి. వెళ్తానని పట్టుబట్టింది మియురానే. మన ఇళ్లలో హాస్టల్ పెట్టె ఎక్కువసార్లు మనమే సర్దుతాం. అలా వెళ్లి, ఏమీ కాకుండా తిరిగొచ్చిన పిల్లల కథలు ఎవరూ అచ్చువేయరు.

ఇంకొక చిన్న సంగతి. జపాన్‌లో బడి సంవత్సరం ఏప్రిల్‌తో మొదలవుతుంది. ఒకజాకి పుట్టింది ఏప్రిల్ 16న, అంటే తరగతిలో వయసు రీత్యా పెద్ద పిల్లల్లో ఒకడు. మియురా పుట్టింది ఫిబ్రవరి 26న, అంటే దాదాపు అందరికన్నా చిన్నవాడు. ఎనిమిదేళ్ల వయసులో పదినెలల తేడా అంటే ఎత్తులో, బలంలో, ధైర్యంలో ఎంతో తేడా. ఏప్రిల్, మే నెలల్లో పుట్టినవాళ్లు జపాన్ ప్రొఫెషనల్ ఆటగాళ్లలో ఎక్కువగా కనిపించడానికి కారణం ప్రతిభ ఒక్కటే కాదు, చిన్నప్పుడు పెద్దగా కనిపించినందుకు దక్కిన అవకాశాలు కూడా. మీ పిల్ల తరగతిలో చిన్నదైతే, పక్క పిల్లతో పోల్చే ముందు ఇద్దరి పుట్టిన తేదీలు ఒకసారి చూడండి. చాలా బెంగలు అక్కడే తీరిపోతాయి.

ఒకజాకి 2024లో బెల్జియంలోని సింట్ ట్రాయిడెన్ క్లబ్బు తరఫున ఆడుతూ, 38 ఏళ్ల వయసులో ఆట ముగించాడు. ఆ తర్వాత జర్మనీలో బసారా మైన్జ్ అనే జట్టుకు కోచ్ అయ్యాడు. తాను మైన్జ్‌లో ఆడే రోజుల్లో, 2014లో, మిత్రుడితో కలిసి పెట్టిన క్లబ్బు అది. జర్మన్ లీగుల్లో అట్టడుగు నుంచి మొదలుపెట్టి మెట్టు మెట్టుగా పైకి తెచ్చారు.

ఈ ఆదివారం వీలు చేసుకుని ఒక పని చేయండి. 2015-16 నాటి లెస్టర్ మ్యాచ్ ఏదైనా పిల్లలతో కలిసి చూడండి, ఒక్క ఇరవై నిమిషాలు చాలు. బంతిని చూడకండి. వీపు మీద 20 నంబరు ఉన్న ఆటగాణ్ణి మాత్రమే చూడండి. అతను ఎప్పుడు పరుగు మొదలుపెట్టాడు, ఏ వైపు దారి మూశాడు, ఆ తర్వాత బంతి ఎటు పోయింది, ముందు ఎవరు కనిపెడితే వాళ్లు చెప్పాలి. మొదట్లో పిల్లలే గెలుస్తారు, వాళ్ల కళ్లు చురుకు. ఆ తర్వాత వాళ్ల ఆటకు వెళ్లినప్పుడు మీ పిల్లను కూడా అలాగే బంతి లేని సమయంలో చూడండి. తిరిగి వచ్చేటప్పుడు బండి మీద చెప్పడానికి మీ దగ్గర ఏదో ఒకటి తప్పక ఉంటుంది: “ఆ పొడుగు పిల్ల బంతి తీసుకున్నప్పుడు నువ్వు వెనక్కి పరుగెత్తావే, అది చూశాను.”